బిడ్డ ఒంట్లో మందు ఎంతసేపు నిలుస్తుంది

మా ఇంట్లో ఫిట్స్ మందు వాడేవాళ్ళు ఇద్దరు. ఒకరు మా బావగారు, అంటే మా ఆయన అన్న. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి సోడియం వాల్‌ప్రోయేట్ 500 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. రెండోవాడు మా అబ్బాయి. వాడిదీ అదే మందు, కాకపోతే సిరప్. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అప్పట్లో వాడికి ఐదేళ్ళు, పూటకు 6 మిల్లీలీటర్లు తాపించేవాళ్ళం. రోజుకు 480 మిల్లీగ్రాములు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి లెక్క వేసింది మా అత్తమ్మ. ఏళ్ళ తరబడి ఊళ్ళో పాల డిపో లెక్కలు రాసిన మనిషి, ఆమె చేతిలో లెక్క తప్పదు. "పెద్దోడు 65 కిలోలు. రోజుకు వెయ్యి మింగుతాడు. పిల్లోడు 16 కిలోలు. కిలో లెక్కన చూస్తే పెద్దోడికి పదిహేను, బిడ్డకి ముప్పై పడతా ఉంది. ఏం మ్మే, ఇంత మందు తాపిస్తే బిడ్డ ఏం కావాల? డాక్టరు రాసేటప్పుడు సరిగ్గా చూసినాడో లేదో అడుగు" అనింది.

ఆమె లెక్క నిజమే. భయమూ ఊరికే పుట్టింది కాదు. వాల్‌ప్రోయేట్ కాలేయం మీద పడగల మందు. రెండేళ్ళలోపు పిల్లల్లో, అందులోనూ రెండు మూడు ఫిట్స్ మందులు కలిపి వాడేవాళ్ళలో ఆ ప్రమాదం ఎక్కువ. కానీ చిన్న ఒంటికి చిన్న మోతాదే చాలుననే ఆలోచన ఈ మందుల దగ్గర నిలవదు. అది నాకు అర్థం కావడానికి చాన్నాళ్ళు పట్టింది. తిరుపతి ఆసుపత్రుల ఓపీ బల్లల మీద నా పక్కన కూర్చున్న తల్లుల్లో చాలామంది, చీటీలో రాసినదాంట్లో సగమో ముప్పావో తాపిస్తున్నామని మెల్లగా చెప్పినవాళ్ళే. డాక్టరుకు మాత్రం చెప్పరు. బిడ్డ మీద ప్రేమతోనే తగ్గిస్తారు. ఫిట్స్ మళ్ళీ వస్తే ఈ మందు పనిచేయలేదనుకుంటారు. వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను.

మావాడికి మొదటి ఫిట్ నాలుగేళ్ళప్పుడు వచ్చింది. మాది చిత్తూరు. ఇక్కడి పిల్లల డాక్టరు జ్వరం లేకుండా వచ్చిన ఫిట్స్ కాబట్టి న్యూరాలజీ వాళ్ళకు చూపించమన్నారు. మా వీధిలో సగం మంది వేలూరు పొమ్మన్నారు. చిత్తూరోళ్ళకు వేలూరు దగ్గర, అలవాటు కూడా. మాకు తిరుపతిలో మా చిన్నమ్మ ఇల్లు ఉంది కాబట్టి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికే పోయినాం. ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను గీసి చూపే పరీక్ష, తీశారు, ఎంఆర్ఐ తీశారు. ఎంఆర్ఐలో ఏమీ లేదు, ఈఈజీలో తేడా ఉంది. సిరప్ మొదలుపెట్టి, మెల్లమెల్లగా పెంచుతూ ఆ 6 మిల్లీలీటర్ల దగ్గర ఆపారు. అత్తమ్మ కాణిపాకం వినాయకుడికి మొక్కుకుంది. కొన్ని నెలలు ప్రశాంతంగా గడిచిపోయినాయి.

తర్వాత తెల్లవారుజామున రావడం మొదలైంది. ఐదు, ఆరు గంటల మధ్య, నిద్రలో నుంచి లేవబోయే వేళ. పగలు ఏమీ లేదు. బడికి పోతాడు, ఆడుకుంటాడు, తింటాడు. పొద్దున మాత్రం చేయి బిగుసుకుంటుంది, కళ్ళు పైకి పోతాయి. చేతిలో తాళాలు పెట్టమని ఒకరు, ఉల్లిపాయ వాసన చూపించమని ఇంకొకరు. డాక్టరు చెప్పింది మాత్రమే చేశాను. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూసేదాన్ని. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజొలామ్ స్ప్రే వాడి, ఆసుపత్రికి పరిగెత్తాలి. దాని అవసరం రాలేదు.

ఫిట్స్ వచ్చిన వేళలు నోటుబుక్కులో రాసుకుని తీసుకుపోయినాను. తిరుపతి డాక్టరమ్మ ఆ పేజీ చాలాసేపు చూసి, మందు ఎన్ని గంటలకు తాపిస్తారని అడిగారు. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది అన్నాను. "అంటే ఫిట్ వచ్చేసరికి తొమ్మిది, పది గంటలు అయిపోతోంది. కొన్ని రకాల మూర్ఛ నిద్రలేచే వేళే వస్తుంది, అది జబ్బు స్వభావం. కానీ ఆ వేళకు రక్తంలో మందు తగ్గిపోయి వస్తోందేమో కూడా చూడాలి. లెవెల్ చేయిద్దాం" అన్నారు.

లెవెల్ అంటే రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష. వాల్‌ప్రోయేట్ అయితే మామూలుగా మిల్లీలీటరు రక్తంలో 50 నుంచి 100 మైక్రోగ్రాముల మధ్య ఉండాలంటారు. అంతకు తక్కువలోనే ఫిట్స్ ఆగిపోయే పిల్లలూ ఉంటారు, ఎక్కువ కావలసినవాళ్ళూ ఉంటారు. రిపోర్టులో అంకె ఒక్కటే చూసి మందు మార్చరు.

మేము ఊళ్ళోనే ఒక ల్యాబ్‌లో ఇచ్చాం. పొద్దున పది గంటలకు రక్తం తీశారు. చివరి డోసు ఎప్పుడు తాపించారని అక్కడ ఎవరూ అడగలేదు. రిపోర్టులో 92 వచ్చింది. మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మందు నిండుగా ఉంది, ఇంక పెంచక్కర్లేదు అనుకున్నాం. అత్తమ్మ అయితే, "చూస్తివా, నేను చెప్పలా, నెత్తిదాకా ఎక్కింది మందు. ఇంకొంచెం పోతే వంద" అనింది.

డాక్టరమ్మ రిపోర్టు తిరగేసి వెంటనే అడిగింది ఒకటే మాట: "రక్తం తీసేటప్పటికి మందు తాపించి ఎంతసేపైంది?" రెండు గంటలు అన్నాను. ఆమె ఆ కాగితం పక్కన పెట్టేశారు. సిరప్ తాగిన గంట, రెండు గంటలకు లెవెల్ శిఖరానికి పోతుంది. అప్పుడు తీస్తే ఎవరికైనా ఎక్కువే కనిపిస్తుంది. మనకు కావలసింది ఆ శిఖరం కాదు, తర్వాతి డోసుకు ముందు ఎంత దిగిపోయిందో ఆ అడుగు. దాన్ని ట్రఫ్ లెవెల్ అంటారట. రాత్రి డోసు సరిగ్గా ఎనిమిదికి తాపించి, పొద్దున ఎనిమిదికి, మందు తాపించకముందే రక్తం ఇవ్వాలి. చీటీ మీద పెద్ద అక్షరాలతో "పొద్దున డోసుకు ముందు, చివరి డోసు రాత్రి 8 గం." అని రాసిచ్చారు.

ఈసారి ముందురోజు సాయంత్రమే తిరుపతికి పోయి కొర్లగుంటలో చిన్నమ్మ ఇంట్లో ఉన్నాం. రాత్రి గడియారం చూసి ఎనిమిదికి తాపించాను. పొద్దున సీసా, కొలిచే సిరంజి సంచిలో పెట్టుకుని ల్యాబ్‌కు పోయి, రక్తం తీయడం అయిన నిమిషమే అక్కడ బల్ల మీద కూర్చోబెట్టి సిరప్ తాపించాను. డోసు ఆలస్యం కావడం మా వాడికి మంచిది కాదు కదా. అదే బిడ్డ, అదే మోతాదు. రిపోర్టులో 38.

92 ఎక్కడ, 38 ఎక్కడ. డాక్టరమ్మ నా నోటుబుక్కులోనే వెనక పేజీ తిప్పి గంటలు వేసి చూపించారు. పొద్దున పదికి 92. వీడి ఒంట్లో ఎనిమిది గంటలకు సగం అవుతోందనుకుంటే, సాయంత్రం ఆరుకు 46. ఇంకో రెండు గంటలకు, అంటే రాత్రి ఎనిమిదికి, 39 దరిదాపుల్లో. రిపోర్టుకు సరిపోయింది. రాత్రి డోసు కూడా అంతే. పదికి తొంభై దాకా ఎక్కి, తెల్లవారి ఆరుకు యాభై కిందికి జారిపోతోంది. ఫిట్స్ వస్తున్నది సరిగ్గా అప్పుడే.

సగం కావడానికి పట్టే ఈ కాలాన్నే హాఫ్ లైఫ్ అంటారు. పెద్దవాళ్ళలో వాల్‌ప్రోయేట్‌కు ఇది 9 నుంచి 16 గంటల దాకా ఉంటుంది. మా బావగారు రాత్రి ఎనిమిదికి వేసుకున్న మాత్ర పొద్దున ఎనిమిదికి కూడా ఆయన ఒంట్లో బాగానే ఉంటుంది. మావాడిది అంతకుముందే ఖాళీ అయిపోతోంది.

ఎందుకని అడిగాను. అత్తమ్మ అడగమన్న ప్రశ్న ఇదే కదా. డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనట్టు ఇక్కడ రాస్తున్నాను.

రెండు కుండలు అనుకోమన్నారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండింటికీ అడుగున చిల్లు ఉంది. చిన్న కుండకు చిల్లు కూడా అంతే చిన్నగా ఉంటుందని మనం అనుకుంటాం. కానీ ఈ వయసు పిల్లల్లో కుండ చిన్నదే అయినా దానికి తగినదానికన్నా చిల్లు పెద్దది. ఆ చిల్లు కాలేయం. ఫిట్స్ మందుల్లో ఎక్కువ భాగాన్ని మార్చి, అరగదీసి, ఒంట్లోంచి బయటికి పంపేది కాలేయమే. పుట్టిన బిడ్డ బరువులో 4 శాతం దాకా కాలేయమే ఉంటుంది. పెద్దవాళ్ళలో అది 2 శాతం చుట్టుపక్కలకు దిగుతుంది. మందును ఏ అవయవం అరగదీస్తుందో ఆ అవయవం పిల్లల బరువుతో పోలిస్తే పెద్దది. అందుకే కిలో బరువుకు లెక్కేస్తే పిల్లల ఒళ్ళు మందును వేగంగా ఖాళీ చేస్తుంది. వాల్‌ప్రోయేట్ విషయంలో, మూడు నెలల నుంచి పదేళ్ళ లోపు పిల్లలు పెద్దవాళ్ళకన్నా దాదాపు 50 శాతం ఎక్కువ వేగంతో ఖాళీ చేస్తారట. కాబట్టి కిలోకు పదిహేను అనే పెద్దవాళ్ళ లెక్క పట్టుకుని పిల్లోడికి తాపిస్తే రక్తంలో చాలినంత నిలవదు. అత్తమ్మ లెక్కలో బిడ్డకు రెండింతలు పడటం డాక్టరు పొరపాటు కాదు. బిడ్డ ఒంటి వేగానికి తగినట్టు రాసిన మోతాదు.

అయితే పిల్లలు అన్నాక అందరూ ఒకటి కాదని కూడా అప్పుడే చెప్పారు. పుట్టిన కొద్ది రోజుల్లో కాలేయం పెద్దదే అయినా అందులో మందును అరగదీసే ఎంజైములు ఇంకా తయారై ఉండవు. పుట్టిన పది రోజుల్లోపు బిడ్డలో వాల్‌ప్రోయేట్ సగం కావడానికి 10 నుంచి 67 గంటలు పట్టవచ్చు. రెండు నెలలు దాటేసరికి అదే 7 నుంచి 13 గంటలకు వచ్చేస్తుంది. మొదట బాగా నెమ్మది, ఆపైన పెద్దవాళ్ళను మించిన వేగం, పదేళ్ళ తర్వాత మెల్లగా పెద్దవాళ్ళతో సమానం.

ఈ మాట విన్నాక ఓపీలో పక్కన కూర్చున్నవాళ్ళ కథలు నాకు వేరుగా వినబడటం మొదలైంది. శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చే ఒకామె బిడ్డకు పుట్టిన రెండో రోజే ఫిట్స్ వచ్చి గార్డినాల్, అంటే ఫెనోబార్బిటోన్, పెట్టారు. పుట్టిన కొత్తలో ఆ మందు సగం కావడానికి వంద గంటలు కూడా దాటుతుంది. రోజుకు ఒక్క డోసుతో నిలబడిపోతుంది. వారాలు గడిచేకొద్దీ బిడ్డ కాలేయం మేలుకుని మందును తొందరగా అరగదీయడం మొదలుపెడుతుంది. ఆమెకు మాత్రం, మొన్నటి దాకా సరిపోయిన మందు ఇప్పుడు ఎందుకు చాలడం లేదో ఎవరూ విడమరిచి చెప్పలేదు. "నా బిడ్డకు జబ్బు ముదిరిందేమో అక్కా" అని ఏడ్చింది. జబ్బు ముదరడం ఒక్కటే కారణం కానక్కర్లేదని, బిడ్డ ఎదుగుతున్నాడనడానికి కూడా అది గుర్తు కావచ్చని, లోపలికి పోయాక లెవెల్ గురించి అడగమని చెప్పాను.

ఇంకో ఇద్దరు తండ్రులు తమ బిడ్డలకు తాపించే ఫిట్స్ మందు కార్బమజెపీన్. ఆ మందుది విచిత్రమైన గుణం. తనను అరగదీసే ఎంజైములను తానే పెంచుకుంటుంది. మొదలుపెట్టినప్పుడు సగం కావడానికి 25 నుంచి 65 గంటలు పడితే, మూడు నుంచి ఐదు వారాలకు 12, 17 గంటలకు తగ్గిపోతుంది. అందుకే దాన్ని చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతారు. మొదటి వారం బాగుండి, నెల తిరిగేసరికి ఫిట్స్ మళ్ళీ రావడం వెనక ఈ కారణం ఉండవచ్చు. ఫెనిటాయిన్‌ది మరో తీరు. ఒక హద్దు దాకా కాలేయం దాన్ని బాగానే అరగదీస్తుంది. ఆ హద్దు దాటితే ఎంజైములు నిండిపోయి, డోసు కొంచెం పెంచినా రక్తంలో అది అమాంతం ఎక్కిపోతుంది. పిల్లలు తూలడం, కళ్ళు అదరడం, మత్తుగా ఉండటం అప్పుడు కనిపిస్తాయి. పైగా ఆ సిరప్ సీసాలో మందు అడుగుకు దిగిపోతుంది. బాగా కుదపకపోతే మొదటి చెంచాలో మందు తక్కువ, చివరి చెంచాలో ఎక్కువ. సీసా కుదపమని ఆసుపత్రిలో గోడ మీద రాసిపెడితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది నాకు.

లెవెటిరాసెటమ్ వాడే పిల్లలూ ఇప్పుడు చాలామంది. దానికి కాలేయంతో పెద్ద పని లేదు. మూడింట రెండు వంతులు మారకుండా మూత్రంలోనే పోతుంది, అంటే కిడ్నీల పని. పుట్టిన బిడ్డ కిడ్నీలు నెమ్మది. ఏడాది, ఏడాదిన్నర దాటేసరికి అవి పెద్దవాళ్ళ స్థాయికి వస్తాయి. చిన్నపిల్లల్లో ఈ మందు కూడా కిలో లెక్కన పెద్దవాళ్ళకన్నా 30, 40 శాతం వేగంగానే ఖాళీ అవుతుంది. దారి ఏదైనా వేగం మాత్రం పిల్లలదే ఎక్కువ.

మావాడి సంగతికి వస్తే, డాక్టరమ్మ డోసును రోజుకు మూడుసార్లు చేశారు. పూటకు 5 మిల్లీలీటర్లు. రోజుకు 600 మిల్లీగ్రాములు, కిలోకు 37 పైన. అంకె విని అత్తమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మా ఆయన కూర్చోబెట్టి, డాక్టరమ్మ గీసిన గంటల లెక్క చూపించారు. లెక్క తెలిసిన మనిషి కదా, 92 నుంచి 38కి దిగిన వరుస తన వేలితో తానే చూసుకుంది. "అయితే మూడు పూటలు చేస్తే కిందికి అంతగా పడదు" అని తనే అనింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మందు టైము నాకన్నా ఎక్కువ పట్టించుకున్నది ఆమే.

నిజానికి మొత్తం డోసు పెంచకుండా అదే 480ని మూడు భాగాలు చేసినా అడుగు లెవెల్ కొంత పెరిగేది. శిఖరం కొంచెం దిగుతుంది, అడుగు కొంచెం లేస్తుంది. మావాడికి రెండూ కలిపి చేశారు. దాంతోపాటు కాలేయం పరీక్ష, ప్లేట్‌లెట్లు చేయించారు. వాంతులు పట్టుకున్నా, తిండి మానేసినా, ఎప్పుడూ లేనంత మగతగా ఉన్నా, కళ్ళు పచ్చబడినా, ఒంటి మీద కారణం లేకుండా కమిలినా ఆగకుండా రమ్మన్నారు. ఎక్కువ డోసు భయం లేనిదని ఆమె ఎప్పుడూ అనలేదు. తక్కువ డోసుకూ ప్రమాదం ఉందన్నారు, రెండింటి మధ్య కొలిచి నడవాలన్నారు.

మధ్యాహ్నం డోసు బడిలో. ఇది రాయడానికి చిన్న విషయం, చేయడానికి పెద్దది. ఫిట్స్ అంటే అంటుతుందని భయపడే రోజులు ఇంకా పోలేదు. మా అదృష్టం, మావాడి క్లాసు టీచరమ్మ డాక్టరు చీటీ ఒక్కటి అడిగి, సిరంజి ఎక్కడిదాకా లాగాలో చూపించమని తానే తాపించింది. ఒక్క రోజు కాదు, బడి ఉన్నన్నాళ్ళూ. ఆమెకు నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను. సెలవు రోజుల్లో అత్తమ్మ చేతిలో ఆ పని.

డోసు మార్చిన వెంటనే లెవెల్ చేయించి లాభం లేదట. కొత్త డోసు ఒంట్లో నిలకడకు రావడానికి సుమారు ఐదు హాఫ్ లైఫ్‌లు పడుతుంది. వాల్‌ప్రోయేట్‌కు కొద్ది రోజులు చాలు, ఫెనోబార్బిటోన్‌కు రెండు మూడు వారాలు కావాలి. మేము ఆగి చేయించాం, మళ్ళీ పొద్దున డోసుకు ముందే. ఈసారి 55. ఆ తెల్లవారుజాము ఫిట్స్ పలచబడి, తర్వాత ఆగిపోయినాయి. వెంటనే ఆగలేదు, మధ్యలో ఒకటి రెండు వచ్చినాయి. నిద్ర చెడిన రోజు, గంగమ్మ జాతరకు రాత్రంతా మేలుకున్న మర్నాడు వచ్చింది ఒకటి. మందు లెవెల్ సరిగ్గా ఉన్నా నిద్ర చెడితే ఒళ్ళు ఒప్పుకోదు.

ఇంకొక సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. ఏడో ఏట మావాడికి నిమోనియా వచ్చి తిరుపతిలో చేర్చాల్సి వచ్చింది. డాక్టరమ్మ చెప్పగా, వాడు వాడే మందు, డోసు, చివరి లెవెల్, ఏవేవి కలపకూడదో ఒక కార్డు మీద రాసి ఎప్పుడూ పర్సులో పెట్టుకునేదాన్ని. మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ జాతి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వాల్‌ప్రోయేట్ లెవెల్‌ను ఒకటి రెండు రోజుల్లోనే అడుగంటిస్తాయి. డోసు పెంచినా నిలవదు. రాత్రి డ్యూటీ డాక్టరు చిన్న కుర్రాడు, ఆ కార్డు రెండుసార్లు చదివి, తన పైవాళ్ళతో ఫోనులో మాట్లాడి వేరే యాంటీబయాటిక్ రాశాడు. జ్వరానికి పారాసిటమాలే వాడాం. ఆస్పిరిన్ వాల్‌ప్రోయేట్‌ను అంటుకున్న ప్రోటీన్ నుంచి విడగొట్టి, అరగకుండా కూడా ఆపుతుంది, కాబట్టి అదీ కార్డులో ఉంది. కార్బమజెపీన్ వాడే పిల్లలకైతే ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లెవెల్‌ను పైకి ఎక్కిస్తాయి. మెడికల్ షాపులో దగ్గు, జ్వరం అని చెప్పి యాంటీబయాటిక్ కొనేముందు ఫిట్స్ మందు పేరు చెప్పాలి. ఫిట్స్ మందులు ఒకదానితో ఒకటి కూడా ఇలాగే. వాల్‌ప్రోయేట్ పక్కన ఉంటే లామోట్రిజిన్ నెమ్మదిగా పోతుంది, అందుకే దాన్ని చాలా చిన్న డోసుతో మొదలుపెడతారు. ఫెనిటాయిన్, కార్బమజెపీన్, ఫెనోబార్బిటోన్ ఉంటే వాల్‌ప్రోయేట్ ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది. ఒక మందు ఆపినప్పుడు రెండోదాని లెవెల్ ఎందుకు మారుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ ఆసుపత్రిలోనే మరోటి తెలిసింది. వాల్‌ప్రోయేట్ 90 శాతం దాకా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని ఉంటుంది. పనిచేసేది విడిగా ఉన్న మిగతా కొంచెమే. మామూలు రిపోర్టులో వచ్చేది మొత్తం కలిపిన అంకె. తిండి లేక, జబ్బు చేసి ఆల్బుమిన్ తగ్గిన బిడ్డలో మొత్తం అంకె తక్కువగా కనిపించినా విడి మందు ఎక్కువే ఉండవచ్చు. అందుకే ఆ రోజుల్లో వాడు మగతగా ఉంటే లెవెల్ తక్కువుందని డోసు పెంచలేదు, ఆల్బుమిన్ కూడా చూశారు.

వాడు ఎదుగుతూ వచ్చినాడు. ప్రతి ఓపీలోనూ మొదట బరువు తూస్తారు. 16 కిలోలకు రాసిన డోసు 20 కిలోలకు చాలదు కాబట్టి మొదట్లో బరువుతోపాటు డోసు పెంచారు. అత్తమ్మ ఆ అంకెలన్నీ పాల లెక్కల పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసింది. తేదీ, బరువు, డోసు, కిలోకు ఎంత. ఎనిమిదేళ్ళు దాటాక సిరప్ నుంచి మెల్లగా విడుదలయ్యే మాత్రలకు మార్చారు. అవి నమలకూడదు, పొడి చేయకూడదు. పొడి చేస్తే మందంతా ఒక్కసారే దిగి, మళ్ళీ తొందరగా ఖాళీ. అన్నం ముద్దలో పెట్టి మింగడం నేర్పించడానికి కొన్నాళ్ళు పట్టింది. మధ్యాహ్నం డోసు పోయింది, వాడి సంతోషం చూడాలి.

ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు, 30 కిలోలు. రోజుకు 800 మిల్లీగ్రాములు. అత్తమ్మ పుస్తకంలో కిలో లెక్క వరుస చూస్తే 30, 37, 34, 30, ఇప్పుడు 27 దగ్గరికి దిగింది. ఇన్నేళ్ళు బరువు పెరిగిన ప్రతిసారీ డోసు పెరుగుతుందని అలవాటు పడిన నేను, ఈసారి రెండు కిలోలు పెరిగినా డాక్టరమ్మ అలాగే ఉంచితే అడిగాను. పొద్దున డోసుకు ముందు తీసిన లెవెల్ 68 ఉందని చూపించారు. పదేళ్ళు దాటింది కదా, వాడి ఒళ్ళు మందును ఖాళీ చేసే వేగం పెద్దవాళ్ళ వైపు తగ్గుతోంది. ఇప్పుడు బరువును మాత్రమే చూసి పెంచుకుంటూ పోతే ఎక్కువైపోతుందన్నారు. చిన్నప్పుడు తక్కువవుతుందేమోనని చూసిన లెవెల్‌ను ఈ వయసులో ఎక్కువవుతుందేమోనని చూడాలట.

ఫిట్స్ ఆగి రెండేళ్ళు దాటింది. మందు తగ్గించే మాట ఇక మొదలుపెట్టవచ్చునన్నారు. ముందు ఈఈజీ మళ్ళీ తీయాలి, అందులో తేడా లేకపోతే నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు, ఒక్కసారిగా ఆపరు. దసరా సెలవుల్లో ఈఈజీకి తేదీ ఇచ్చారు. రాత్రి నిద్ర తగ్గించి తీసుకురమ్మన్నారు కాబట్టి ముందురోజే తిరుపతికి పోవాలి. ఈసారి అత్తమ్మ కూడా వస్తానంటోంది, పుస్తకం తీసుకుని.